సువార్తమ్మ పంపిన మాట

రాజమండ్రి స్టేషన్లోకి హౌరా బండి వచ్చేదాకా ఏసురాజు మనసులో ఒకటే లెక్క తిరుగుతోంది. ఈ పిల్ల చెప్పేది నిజమైతే మా తాత అబద్ధం చెప్పినట్టు. మా తాత అబద్ధమాడే మనిషి కాడు. కాబట్టి ఈ పిల్లే అబద్ధం.

ఆయన సైన్యంలో హవల్దారుగా చేసి రిటైరైన మనిషి. అరవై దాటినా నడుం వంగలేదు. కోటిపల్లి దగ్గర సుందరపల్లిలంకలో ఆయనకి నాలుగు గదుల డాబా ఉంది. కొబ్బరి తోట చూసుకుంటూ, ముసలి తల్లిని కనిపెట్టుకుని ఉంటున్నాడు. కూతురు వినీల రామచంద్రపురంలో టీచరు. ఈ గొడవంతా ఆ అమ్మాయి ఫోన్లోనే మొదలైంది. బర్మాలో ఉండిపోయిన తెలుగువాళ్ళు తమ పూర్వీకుల ఊళ్ళు వెతుక్కునే ఫేస్‌బుక్ గ్రూపు ఒకటుంది. అందులో ఒక ఆడపిల్ల గొంతు వినబడింది.

"కోటిపల్లి రేవు దగ్గర సుందరపల్లిలంక అనే ఊరు ఉన్నదా అండీ? ఆ ఊరి దావీదుగారి చిన్న కూతురు మాణిక్యం అనే ఆవిడ బతికి ఉంటే దయచేసి చెప్పండి. నేను ఆవిడ అక్క సువార్తమ్మ మనవరాల్ని."

వినీల ఆ గొంతు వినిపించినప్పుడు ఏసురాజు ఫోను లాక్కుని మళ్ళీ మళ్ళీ విన్నాడు. మాణిక్యం అంటే ఆయన తల్లి మాణిక్యాంబ. దావీదు అంటే తాత. ఇక సువార్తమ్మ అంటే, జపానువాళ్ళు రంగం, అంటే రంగూన్ మీద బాంబులేశాక, బర్మా నుంచి నడిచి వస్తూ కొండల్లో చచ్చిపోయిన పదకొండేళ్ళ పిల్ల. చచ్చిపోయిన పిల్లకి మనవరాలెక్కణ్ణుంచి వస్తుంది?

"మోసం వినీలా. ఈ రోజుల్లో పేర్లు పట్టుకోడం ఎంతసేపు?" అన్నాడు.

"మోసం చెయ్యడానికి మన దగ్గరేం ఉంది నాన్నా?" అంది వినీల.

చివరికి ఆ పిల్లని రమ్మని చెప్పాడు గానీ, తల్లికి మాత్రం చెప్పొద్దన్నాడు. తొంభైకి దగ్గర పడ్డ మనిషి. ఆశ పెట్టి లాగేసుకుంటే తట్టుకోలేదు. ముందు తను చూడాలి, అడగాలి, తేల్చుకోవాలి. సరిహద్దు చెక్‌పోస్టులో అన్నేళ్ళు ఆయన చేసిన పని అదే కదా.

బండి ఆగింది. బక్కగా, పొట్టిగా ఉన్న ఒక పిల్ల భుజానికి సంచీతో దిగింది. చెంపల మీద గంధంలాంటి పూత ఎండి పొరలుగా ఉంది. అటూ ఇటూ చూసి, ఆయన దగ్గరికే నేరుగా వచ్చి చేతులు జోడించింది.

"వందనాలు పెదనాయనా. పొగబండి ఆలస్యమైంది. తమరు చాలాసేపు కాచుకున్నారా?"

ఏసురాజు ఉలిక్కిపడ్డాడు. పొగబండి! ఆ మాట విని యాభై ఏళ్ళయింది. పెదనాయనా అని ఇప్పుడెవరంటున్నారు? ఎదురుగా నిలబడింది ఇరవై రెండేళ్ళ పిల్ల. నోట్లోంచి వచ్చింది మాత్రం తాత దావీదు మాట. అదే సాగదీత, అదే మెత్తదనం. చచ్చిపోయిన మనిషి గొంతు గాల్లో ఎక్కడో దాక్కుని ఉండి, ఇన్నేళ్ళకి ఈ పిల్ల నోట్లో దూరినట్టనిపించింది ఆయనకి.

అయినా తమాయించుకున్నాడు. "నీ పేరేంటి?"

"పాస్‌పోర్టులో ఖిన్ మే అని ఉంటుంది పెదనాయనా. ఇంట్లో చిన్నమ్మాయి అంటారు."

కారు ధవళేశ్వరం దాటి, కడియం నర్సరీల పక్కగా వెళుతోంది. ఏసురాజు ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి ప్రశ్నలు వేస్తూనే ఉన్నాడు. మీ మామ్మ ఎప్పుడు పోయింది, మీ నాన్నేం చేస్తాడు, ఏ ఊరు, ఏ చర్చి. ఆ పిల్ల అడిగినదానికల్లా తడుముకోకుండా చెప్పింది. మౌల్మీన్ దగ్గర ఒక తెలుగు పల్లె. తెలుగు బాప్టిస్టు చర్చి. నాన్న రబ్బరు తోటల్లో పని. మామ్మ కిందటి వానాకాలంలో పోయింది. చెప్పినవన్నీ బాగానే ఉన్నాయి గానీ, అవి నిజమో కాదో తేల్చుకోవడానికి తన దగ్గర ఏమీ లేదని ద్రాక్షారామం దాటుతుండగా ఆయనకి తట్టింది. తమ ఇంటి కథ తనకి తెలిస్తే కదా, ఈ పిల్ల కథతో పోల్చి చూడ్డానికి! తాత బర్మా గురించి నోరు విప్పేవాడు కాదు. "అక్కేది నాన్నా" అని అమ్మ చిన్నప్పుడు అడిగితే, "దేవుడి దగ్గిరికెళ్ళిందమ్మా" అనేవాడట. అంతే.

తాత చెప్పకపోయినా ఊరు మర్చిపోలేదు. సొంత ఊరికే తిరిగొచ్చినా ఆ ఇంటిని బర్మావోళ్ళిల్లు అనే అన్నారు. మాణిక్యాంబ పెళ్ళయి పిల్లల తల్లయ్యాక కూడా బర్మా మాణిక్యమే. బడిలో ఏసురాజుని "మీ దేశం ఎల్లిపోరా" అని ఏడిపించేవాళ్ళు. ఆ ఉక్రోషంతోనే పంతొమ్మిదో ఏట కాకినాడలో రిక్రూట్‌మెంటు జరుగుతోందని తెలిసి, ఇంట్లో చెప్పకుండా వెళ్ళి వరసలో నిలబడ్డాడు. ఒంటి మీద యూనిఫాం పడితే ఇక ఎవడూ తనని ఏ దేశమని అడగడని ఆయన నమ్మకం. అడగలేదు కూడా. తీరా పోస్టింగు పడింది బర్మా సరిహద్దు కొండల్లోనే. అక్కడ రాయి పాతిన చోట నిలబడి, అటు పరాయి, ఇటు మనది అని తనకి తానే చెప్పుకున్నాడు. బయటి దేశంలో బంధువులున్నారా అని ఆఫీసరు అడిగితే, "ఎవరూ లేరు సాబ్" అని గట్టిగా చెప్పాడు.

ఆ ఎవరూ లేని దేశం నుంచి ఒక పిల్ల వచ్చి ఇప్పుడు వెనక సీట్లో కూర్చుని, కిటికీలోంచి వరిచేలు చూస్తోంది. "మా ఊరు ఇలాగే ఉంటుంది పెదనాయనా. మా మామ్మ ఎందుకు అక్కడ కుదురుకున్నదో ఇప్పుడు తెలుస్తోంది" అంది.

ఇంటికి చేరేసరికి మాణిక్యాంబ వరండాలో మంచం మీద కూర్చుని ఉంది. ఆవిడకి చూపు మసక గానీ చెవులు చురుకు. వినీల పక్కనే నిలబడి తండ్రి ముఖంలోకి చూసింది. ఏం చెప్పాలో తేలక ఏసురాజు, "చుట్టాలమ్మాయమ్మా" అని ఊరుకున్నాడు.

ఆ పిల్ల సంచీ కింద పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని ముసలావిడ పాదాలు రెండూ పట్టుకుంది. పట్టుకుని వదల్లేదు.

"ఎవరి తాలూకమ్మా?" అంది మాణిక్యాంబ.

"సువార్తమ్మ తాలూకు."

"ఏ సువార్తమ్మ?"

"తమరి అక్క. దావీదుగారి పెద్ద కూతురు. నేను ఆవిడ కొడుకు కూతుర్ని, చిన్నమామ్మా."

ఏసురాజు కంగారుగా దగ్గరికి రాబోతే మాణిక్యాంబ చెయ్యెత్తి ఆపింది. "మా అక్క పదకొండేళ్ళప్పుడే పోయింది తల్లీ. కొండల్లో. నాకప్పుడు ఆరేళ్ళు. పొద్దున్న లేచేసరికి లేదు. పులెత్తుకుపోయిందన్నారు, లోయలో పడిందన్నారు, వాంతులై పోయిందన్నారు. మా నాన్న ఆ కొండలన్నీ మారుమోగేలా పిలిచాడు. ఆ కేక నాకిప్పటికీ చెవుల్లో ఉంది."

"పోలేదు చిన్నమామ్మా. మామ్మ మొన్నమొన్నటిదాకా బతికే ఉంది. పోయేముందు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తమరికో మాట చెప్పమంది. దానికోసమే వచ్చాను." పిల్ల గొంతు సవరించుకుంది. నేర్చుకున్న వాక్యం అప్పజెప్పినట్టు కాకుండా, ఎదురుగా ఉన్న మనిషితో అక్కే మాట్లాడుతున్నట్టు చెప్పింది. "మాణిక్యం, నేను తప్పిపోలేదే. నా అంతట నేనే వెనక్కి తిరిగాను. నాకు దారి తెలుసు. నువ్వు ఏడవకు."

మాణిక్యాంబ మసకకళ్ళు ఆ గొంతు వచ్చిన వైపే నిలిచిపోయాయి.

"చెప్పు" అంది చివరికి. "అంతా చెప్పు."

ఆ పిల్ల చెప్పింది. తన మామ్మ ఒక్కసారే చెప్పిందనీ, అందుకని ఒక్క మాట కూడా పోనివ్వకుండా దాచుకున్నాననీ అంది.

రంగం ధాన్యం మిల్లులో బస్తాలు మోసే దావీదు, క్రిస్మస్ పండగ ముందు బాంబులు పడి భార్య చనిపోయాక, ఇద్దరు ఆడపిల్లల్ని తీసుకుని బయలుదేరాడు. ప్రోము పట్నం దాకా ఎలాగో వచ్చారు. అక్కణ్ణుంచి టౌంగప్ కనుమ. ఆ కొండలెక్కి దిగితే సముద్రం, సముద్రం దాటితే చిట్టగాంగు, అక్కణ్ణుంచి మనదేశం. వేలమంది జనం అదే దారిన చీమల బారులా నడుస్తున్నారు. ఎండాకాలం. వాగులన్నీ ఎండిపోయాయి. ఉన్న చెలమల్లో నీళ్ళు తాగినవాళ్ళు తాగినచోటే పడిపోతున్నారు. దావీదు దగ్గర వెదురు గొట్టంలో నీళ్ళున్నాయి. వాటినే జాగ్రత్తగా పిల్లలిద్దరికీ పోస్తున్నాడు. చిన్నదాన్ని భుజాల మీద కూర్చోబెట్టుకున్నాడు. పెద్దది పంచె కొంగు పట్టుకుని నడుస్తోంది.

"మామ్మ వెనకాల నడుస్తోంది కదా, అందుకని వాళ్ళ నాన్ననే చూస్తూ ఉంది" అంది చిన్నమ్మాయి. "నాన్న గొట్టం ఎత్తుతాడు, నోటి దగ్గర పెట్టుకుంటాడు, గుటక వేస్తాడు. కానీ గొట్టం వంపడం లేదు. తాగినట్టు నటిస్తున్నాడు. మామ్మకి తెలిసిపోయింది. నాలిక వాచి నాన్నకి మాట కూడా సరిగ్గా రావడం లేదు. నాన్న పడిపోతే చెల్లి పోతుంది, నేనూ పోతాను అనుకుంది. నేను లేకపోతే నా వాటా నాన్న తాగుతాడు అనుకుంది."

ఏసురాజు వరండా స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు.

"తెల్లవారుజామున కొందరు తెలుగు కూలీలు వెనక్కి వెళ్ళిపోతున్నారట. ముందు దారిలో కలరా ఉంది, జపానువాడైనా నయం అనుకుంటూ. నాన్న అలిసిపోయి నిద్రలో ఉన్నాడు. మామ్మ తనకి పోసిన నీళ్ళు అంతకుముందే తాగకుండా గొట్టంలో తిరిగి పోసేసింది. గొట్టం తమరి తల దగ్గర పెట్టి, ఆ కూలీల వెనకాలే నడిచింది. కాస్త దూరం పోయాక నాన్న పిలవడం వినబడిందట. చెవులు మూసుకుని నడిచానని చెప్పింది."

వినీల నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. చిన్నమ్మాయి ఆగి, ముసలావిడ ముఖంలోకి చూసింది. ఏడుస్తుందనీ, పడిపోతుందనీ అందరూ భయపడుతున్నారు. మాణిక్యాంబ ఏడవలేదు. ముందుకి వంగి, ఆ పిల్ల మణికట్టు గట్టిగా పట్టుకుని ఒకే ఒక్క మాట అడిగింది.

"ఆ రోజు దానికి నీళ్ళు దొరికాయా?"

ఎనభై ఏళ్ళు గడిచి, అక్క పెళ్ళి చేసుకుని, పిల్లల్ని కని, ముసలిదై, చచ్చిపోయిన తర్వాత కూడా అమ్మకి అదే కావాలి. ఆ పూట అక్కకి దాహం తీరిందా లేదా.

"దొరికాయి చిన్నమామ్మా" అంది పిల్ల. "కొండ దిగుతుంటే కళ్ళు తిరిగి పడిపోయిందట. ఒక బర్మా ఆవిడ, కట్టెలు కొట్టుకునే ఆవిడ, తల ఎత్తిపట్టి చిప్పతో పోసింది. యే తౌక్, యే తౌక్ అన్నదట. నీళ్ళు తాగు, తాగు అని."

"యే తౌక్" అంది మాణిక్యాంబ మెల్లిగా. ఇంకోసారి అంది. ఆ మాట పలకడంలో ఎక్కడా తడబాటు లేదు. తల్లి నోట బర్మా మాట వినడం ఏసురాజుకి పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. ఆవిడకి ఆ భాష వచ్చని కూడా ఆయనకి తెలియదు. ఆరేళ్ళకే మూసేసిన తలుపు వెనక అది అలాగే ఉంది, చెక్కుచెదరకుండా.

ఆ కట్టెలావిడే సువార్తను పెంచింది. జపానువాళ్ళ కాలమంతా తన సొంత మనవరాలని చెప్పి దాచింది. పెద్దయ్యాక మౌల్మీన్ వైపు తెలుగు బండివాడొకడు పెళ్ళాడాడు. సువార్తమ్మ పిల్లలకి బైబిలు ముందు పెట్టుకుని అక్షరాలు నేర్పింది. చుట్టూ ఉన్న పదిళ్ళ పిల్లలూ వచ్చి కూర్చునేవారు. ఆ పల్లెలో తెలుగు ఇంకా ఉందంటే ఆవిడ వల్లే అని చెప్పుకుంటారు.

"మరి తర్వాతైనా రాలేదేం?" ఏసురాజు ఉండబట్టలేక అడిగాడు. "అరవైల్లో బర్మా నుంచి మనవాళ్ళని ఓడల్లో పంపేశారు కదా. విశాఖపట్నంలో ఎంతమంది దిగారు! అప్పుడు రావచ్చుగా?"

"నేనూ అదే అడిగాను పెదనాయనా. తాతయ్య బయలుదేరదామన్నాడట. మామ్మే వద్దంది. ఎందుకంటే..." చిన్నమ్మాయి మాటలు వెతుక్కుంది. "నాన్న ముఖం ముందు నిలబడితే ఎందుకు పోయావమ్మా అని అడుగుతాడు. నేను అబద్ధం చెప్పలేను. నిజం తెలిస్తే ఆ రోజు నుంచి ఆయన తాగిన ప్రతి గుక్కా ఆయనకి విషమైపోతుంది. నేను చచ్చిపోయాననుకుంటే ఏడ్చి ఊరుకుంటాడు. అందుకని ఆయన ఉన్నంత కాలం నేను చచ్చిపోయే ఉండాలి. ఇదీ మామ్మ చెప్పింది."

ఏసురాజు ఇంక అక్కడ నిలబడలేకపోయాడు. చెప్పులు కూడా తొడుక్కోకుండా ఏటిగట్టు మీదికి నడిచాడు.

గౌతమికి ఎర్రనీరు వచ్చింది. పోలవరం పైనుంచి కొట్టుకొచ్చిన చెత్తా, దుంగలూ సుడులు తిరుగుతూ పోతున్నాయి. అవతలి గట్టు ఆనవాలు చిక్కడం లేదు. ఆయన గట్టు మీద కూలబడ్డాడు.

తాత గుర్తొచ్చాడు. భోజనాల దగ్గర తాత అందరి గ్లాసుల్లోనూ నీళ్ళు పోసేవాడు. అందరూ తాగేదాకా తన గ్లాసు ముట్టేవాడు కాదు. ముసలాయన చాదస్తం అనుకునేవారు. పిల్లలు అల్లరికి తాగకుండా కూర్చుంటే ఆయనా అలాగే కూర్చునేవాడు. కళ్ళలో ఏదో భయం ఉండేది. ఆయనకి అనుమానం వచ్చిందా? పొద్దున్నే లేచి గొట్టం ఎత్తి చూసినప్పుడు, ఉండాల్సినదానికంటే నీళ్ళు ఎక్కువ ఉన్నట్టు చేతికి తెలిసిందా? తెలిసీ, ఎవరికీ చెప్పకుండా, ఆ బరువు మోస్తూనే ముప్ఫై ఏళ్ళు బతికాడా? అటు కూతురు, ఇటు తండ్రి, ఒకరికోసం ఒకరు నోరు మూసుకుని, మధ్యన సముద్రం పెట్టుకుని బతికారా?

ఇంక ఎవరినీ అడిగే వీలు లేదు. ఏసురాజు ఏటివైపు చూస్తూ ఉండిపోయాడు. సైన్యంలో ఆయన ధైర్యవంతుల్ని చూశాడు. కాల్పుల మధ్యకి పాకుతూ వెళ్ళి తోటివాణ్ణి లాక్కొచ్చినవాళ్ళని చూశాడు. వాళ్ళకి వెనక పటాలం ఉంది, పక్కన స్నేహితుడున్నాడు, పోతే జెండా కప్పే దేశముంది. సువార్తకి ఎవరున్నారు? చీకట్లో లేచి, ఎవరికీ చెప్పకుండా, తనని పిలిచే గొంతుకి చెవులు మూసుకుని నడిచింది. అది నడిచింది కాబట్టి తాత బతికాడు. తాత బతికాడు కాబట్టి అమ్మ ఈ ఒడ్డుకి చేరింది. తను ఇక్కడ పుట్టాడు, ఇక్కడి జెండాకి సెల్యూట్ కొట్టాడు. నేను ఇండియావాణ్ణి అని అన్నేళ్ళు రొమ్ము విరుచుకున్నాడు. ఆ మాట ఆ పిల్ల తాగకుండా వదిలేసిన నీళ్ళతో మొలిచింది. సరిహద్దంటే గవర్నమెంటు పాతిన రాళ్ళనుకున్నాడు ఇన్నాళ్ళూ. తమ ఇంట్లో ఆ గీత గీసినవి ఒక పదకొండేళ్ళ పిల్ల పాదాలు.

తిరిగొచ్చేసరికి మంచం మీద మాణిక్యాంబ, చిన్నమ్మాయి ఒకరి భుజం మీద ఒకరు తల పెట్టుకుని నిద్రపోతున్నారు. వినీల వాళ్ళకి దుప్పటి కప్పుతూ, "ఇంకా నమ్మకం కుదర్లేదా నాన్నా?" అంది.

ఏసురాజు "కుదిరిందమ్మా" అని, లోపలికి వెళ్ళి కుండలోంచి నీళ్ళు ముంచుకుని చాలాసేపు ఆ గ్లాసు పట్టుకునే నిలబడ్డాడు.

మర్నాడే పోలీసు స్టేషన్‌కి వెళ్ళి, మా ఇంట్లో విదేశీయురాలు ఉందని పద్ధతి ప్రకారం చెప్పి వచ్చాడు. "మీకేమవుతుందండీ?" అని అక్కడి హెడ్ కానిస్టేబుల్ అడిగితే, "మా తమ్ముడి కూతురి లాంటిది... కాదండి, మా తమ్ముడి కూతురేనండి" అన్నాడు. అలా అనడం ఆయనకే కొత్తగా ఉంది. తమ్ముడు! ముఖం కూడా చూడని తమ్ముడు రబ్బరు తోటల్లో ఎక్కడో ఉన్నాడు.

ఊరు ఊరంతా ఆ పిల్లని చూడ్డానికి వచ్చింది. బర్మా పిల్ల అన్నారు. ఆ మాట చెవిన పడగానే ఏసురాజు పాత కోపంతో లేవబోతే, చిన్నమ్మాయి నవ్వింది.

"అక్కడ మమ్మల్ని కలా అంటారు పెదనాయనా. పరాయివాడని. మా మామ్మల కాలంలో కోరంగీ అనేవారు. కోరంగి అంటే ఏదో తిట్టుపేరు అనుకునేదాన్ని చిన్నప్పుడు. మొన్న వినీలక్కయ్య తీసుకెళ్ళి చూపించింది. అది ఊరు పేరట! ఎంచక్కా మడచెట్ల మధ్య ఉంది."

బర్మాలో సైన్యానికీ తిరుగుబాటుదారులకీ ఇప్పుడు జరుగుతున్న యుద్ధం గురించి ఆ పిల్ల ఎక్కువ చెప్పేది కాదు. చెప్పినప్పుడు మామూలు గొంతుతోనే చెప్పేది. విమానాలు వచ్చినప్పుడు పక్క ఊరు తగలబడింది. పల్లె పల్లెంతా రబ్బరు తోటల్లోకి పరిగెత్తింది. తొంభై దాటిన మామ్మని వీపు మీద ఎక్కించుకుంటానంటే ఒప్పుకోలేదు. కర్ర పట్టుకుని తనే నడిచింది. దారిలో అందరికంటే ముందు నీళ్ళ ఊట ఎక్కడుందో కనిపెట్టింది. ఆ తర్వాత కుర్రవాళ్ళనీ, ఆడపిల్లల్నీ పట్టుకెళ్ళి బలవంతాన సైన్యంలో చేర్చుకుంటారని కబురు రాగానే తండ్రి కూతుర్ని బయటికి పంపేశాడు.

"ఇక్కడే ఉండిపో తల్లీ" అన్నాడు ఏసురాజు ఒకరోజు, కొబ్బరికాయలు లెక్కపెట్టిస్తూ మధ్యలో ఆగి. "వీసా సంగతి నేను తిరుగుతాను. కాకినాడలో నర్సింగు చదువు. నీకేం లోటు రానివ్వను."

చిన్నమ్మాయి కళ్ళు నిండాయి గానీ తల అడ్డంగానే ఊపింది. "నేను నర్సు పని సగం నేర్చుకున్నాను పెదనాయనా. థాయిలాండు సరిహద్దులో మావాళ్ళకి ఆసుపత్రి నడుపుతున్నారు. కాళ్ళు పోయినవాళ్ళు, చంటిపిల్లల తల్లులు వస్తారట. మనుషులు చాలడం లేదు. మా అత్త అక్కడే ఉంది, రమ్మంది. గడువు అయ్యేదాకా ఇక్కడుంటాను. తర్వాత వెళతాను."

"యుద్ధంలోకి తిరిగెళ్తానంటావేంటే! బుద్ధుందా?"

"అది నా ఊరు పెదనాయనా" అంది ఆ పిల్ల మెత్తగా. "ఇదీ నా ఊరే. కానీ ఇక్కడ తమరందరూ ఉన్నారు కదా."

ఏసురాజు సాయం కోసం తల్లివైపు చూశాడు. మాణిక్యాంబ మంచం మీంచి, "వెళ్ళనీరా ఏసూ" అంది. "ఆపితే ఆగే జాతి కాదు అది. నేను చూశానుగా." ఆ మాటలో బాధ లేకపోలేదు. దాని మీద గర్వం మెరుస్తోంది.

ఆగస్టు పదిహేను వచ్చింది. ఊరి బడిలో జెండా ఎగరేసేది, నాలుగు మాటలు చెప్పేది ఏసురాజే. మాజీ సైనికుడని హెడ్మాస్టరు మణిశంకర్ గారు ఏటా ఆయన్నే పిలుస్తారు. ఆయన ఏటా ఒకటే ఉపన్యాసం ఇస్తాడు. సరిహద్దు, మంచు, కాపలా, శత్రువు. పిల్లలకి కూడా అది కంఠతా వచ్చు.

ఈసారి రిక్షా మీద మాణిక్యాంబని కూడా తీసుకొచ్చారు. చిన్నమ్మాయి పక్కన నిలబడి గొడుగు పట్టింది. జెండా ఎగిరింది. పాట అయింది. ఏసురాజు మెడల్స్ సర్దుకుని మైకు ముందుకొచ్చాడు.

"పిల్లలూ, మీకో ఆడపిల్ల సంగతి చెబుతాను" అని మొదలుపెట్టాడు.

చెప్పడం చేతకాని మనిషి. అక్కడక్కడ వెనకా ముందూ అయింది. కనుమ గురించీ, వెదురు గొట్టం గురించీ, వెనక్కి నడిచిపోయిన పిల్ల గురించీ చెప్పాడు. ఎప్పుడూ గుసగుసలాడే పిల్లలు నోళ్ళు తెరుచుకుని విన్నారు. చివరి వరసలో టీచర్లు కూడా కదలడం లేదు.

అయ్యాక ముందు వరసలోంచి ఒక పిల్ల చెయ్యెత్తింది. రెండు జడలకి మూడు రంగుల రిబ్బన్లు కట్టుకుంది.

"మరి ఆవిడ ఏ దేశం ఆవిడండీ?"

ఏసురాజు జవాబు చెబుదామని నోరు తెరిచాడు. అంతలో ఆ పిల్ల ఎంత చిన్నదో ఆయన కంటబడింది.

"నీకెన్నేళ్ళమ్మా?"

"పదకొండండి."

ఆయన మైకు వదిలేసి రెండు మెట్లు దిగి ఆ పిల్ల ఎదురుగా నిలబడ్డాడు. దాని తల ఆయన మెడల్స్ దాకా కూడా రాలేదు. మణికట్లు కొబ్బరి ఈనెల్లా ఉన్నాయి. ముందు పన్ను కొంచెం విరిగింది. మోకాలి మీద ఆటలో తగిలిన దెబ్బ ఎండుతోంది. కాళ్ళకి బడివాళ్ళిచ్చిన నల్ల బూట్లు, ఒకదానికి లేసు ఊడింది.

ఇన్నాళ్ళూ సువార్తమ్మని తలుచుకున్నప్పుడల్లా ఆయన మనసులో ఏదో పెద్ద రూపమే కదిలింది. కొండంత మనిషిలా. అది ఇంత పిల్ల. ఇంత చిన్న పాదాలతో ఆ కొండ దిగింది. ఇంత చేతులతో చెవులు మూసుకుంది.

పిల్ల జవాబు కోసం తలెత్తి చూస్తూనే ఉంది. వెనకాల జెండా గాలికి టపటపలాడుతోంది. ఏసురాజు నెమ్మదిగా మోకాలి మీద వంగి, ఊడిన ఆ లేసు రెండు చేతులతోనూ ముడివేయసాగాడు.